దయామణి గారూ, మెత్తని పిల్లలూ

పోయిన సోమవారం పొద్దున నా రెండు చేతుల మధ్య నుంచి ఒక పసివాడు జారిపోయాడు. కింద పడలేదు, పట్టుకున్నాను. కానీ చంకల కింద చేతులు పెట్టి ఎత్తగానే వాడి భుజాలు చెవుల దాకా లేచాయి, ఒళ్ళంతా తడి తువ్వాలులా కిందికి దిగిపోయింది. ఆ జారుడు నా అరచేతులకు తెలుసు. చూపు మసకబారింది, మోకాళ్ళు అరిగాయి, మనుషుల పేర్లు మరిచిపోతున్నాను గాని దాన్ని మాత్రం చేతులు మరిచిపోలేదు. కింద అంతస్తులో ఉండే శిరీష, నేను ఒకప్పుడు పిల్లలకు ఫిజియోథెరపీ చేసేవాడినని వాచ్‌మన్ ద్వారా తెలుసుకుని, ఏడో నెల నడుస్తున్న కొడుకును పైకి తీసుకొచ్చింది. "మెడ ఇంకా సరిగ్గా నిలపట్లేదు అంకుల్. మా అత్తయ్య గారేమో బొద్దుగా ఉన్నాడు కదా, బద్ధకం అంతే అంటున్నారు. మీరొకసారి చూస్తారా" అంది. చూశాను. ఎత్తగానే తెలిసిపోయింది. కానీ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు, కాఫీ ఇంకా తాగలేదు, ఆ మాట చెబితే తరవాత వచ్చే ప్రశ్నలన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు నిలబడ్డాయి. "బాగానే ఉన్నాడమ్మా. కొంతమంది పిల్లలు నిదానం. కంగారు పడకు" అన్నాను. ఆ అమ్మాయి మొహం తేలికపడింది. పిల్లవాడితో ఏవో ఊసులాడుతూ మెట్లు దిగి వెళ్ళింది.

తలుపు వేసుకుని కుర్చీలో కూర్చున్నాను. తెలియక చెప్పిన మాటైతే ఇంత బాధ ఉండేది కాదు. తెలిసీ, ఓపిక లేక చెప్పాను. ఆ ఉదయమంతా నాకు దయామణి గారు గుర్తొస్తూ ఉన్నారు. ఈ మాట ఆవిడ వినివుంటే ఏమనేవారో ఊహించుకోనక్కరలేదు. అలాంటి మాటే నేను ఒకసారి ఆవిడ దగ్గర పనిచేస్తుండగా అన్నాను. అప్పుడు ఆవిడ ఏమన్నారో, ఏం చేశారో నాకు బాగా గుర్తుంది.

డెబ్బైల్లో సంగతి. విజయవాడలో ఒక మిషన్ ఆసుపత్రి వరండా చివర, రేకుల కప్పు కింద, ఫిజియోథెరపీ గది ఉండేది. కీళ్ళ నొప్పులకు పూసే కరిగిన మైనం వాసన, కొబ్బరి పీచు చాపల వాసన, ఎండాకాలం అయితే వీటన్నిటి మీద వేడెక్కిన రేకు వాసన. పిల్లలు పట్టుకుని నడవడానికి వడ్రంగి చేసిపెట్టిన రెండు కర్రల వరస తప్ప చెప్పుకోదగ్గ సామాను లేదు. దయామణి గారు ఆ గదికి పెద్ద. మద్రాసులో చదువుకుని వచ్చారు. పొడగరి, నేత చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని రోజులో సగం నేల మీదే గడిపేవారు. పెళ్ళి చేసుకోలేదు. అందరూ డాక్టరమ్మ గారూ అంటే, "నేను డాక్టర్ని కాదమ్మా" అని ప్రతిసారీ, ప్రతి ఒక్కరికీ, విసుగు లేకుండా చెప్పేవారు. విసుగు ఆవిడకు వేరే చోట్ల ఉండేది. మధ్యాహ్నం ఓపీ అయిపోగానే పిల్లల చాప మీద వెల్లకిలా పడుకుని, కళ్ళ మీద తడి తువ్వాలు వేసుకుని కాసేపు కదిలేవారు కాదు. ఆ సమయంలో సూపరింటెండెంటు గారు పిలిచినా సరే, ఆవిడ లేరని చెప్పాలి.

నేను డిప్లొమా పూర్తి చేసి మొదటి ఉద్యోగంగా అక్కడ చేరాను. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది పోలియో వచ్చినవాళ్ళు. ఒక కాలు సన్నబడిపోయి ఉంటుంది, రెండో కాలు గట్టిగా ఉంటుంది. ఇనప పట్టీల బూట్లు తగిలిస్తే పిల్ల లేచి నిలబడుతుంది, తల్లి దండం పెడుతుంది. ఆ దండానికి నేను తొందరగానే అలవాటు పడ్డాను. దయామణి గారికి ఇష్టమైనవాళ్ళు మాత్రం వేరే. పుట్టినప్పటి నుంచీ ఒంట్లో బిగువు లేని పిల్లలు. కాలూ చేయీ అన్నీ ఉంటాయి, ఏదీ సన్నబడదు, ఎక్కడా నొప్పి ఉండదు. కానీ పడుకోబెడితే కప్పలా కాళ్ళు రెండు పక్కలకూ పరుచుకుంటాయి, కూర్చోబెడితే నడుము మడతపడి తల మోకాళ్ళ మీదికి వాలిపోతుంది. పెద్ద డాక్టర్ల కాగితాల్లో దానికి ఇంగ్లీషు పేరు ఉండేది. ఆవిడ మాత్రం మెత్తని పిల్లలు అనేవారు. వాళ్ళకు బూట్లు తగిలించి లాభం లేదు. బిగువు లోపలి నుంచి రావాలి, అది మెడతో మొదలుపెట్టి కిందికి దిగుతూ రావాలి, ఎప్పటికి వస్తుందో, ఎంత వస్తుందో ఎవరికీ తెలియదు. నాకది నచ్చని పని. ఫలితం కనపడదు, దండం పెట్టేవాళ్ళు ఉండరు.

చేరిన కొత్తలో అలాంటి పిల్లను పడుకున్నచోటి నుంచి రెండు చేతులూ పట్టుకుని లాగి కూర్చోబెట్టబోయాను. తల వెనక్కి వేలాడిపోయింది. దయామణి గారు గది అవతలి కొస నుంచి, గొంతు పెంచకుండానే, "ఏమయ్యా ప్రసాదూ, బావిలోంచి చేద తోడుతున్నావా" అన్నారు. తరవాత దగ్గరికి వచ్చి నా చేతులు తీసి పిల్ల భుజాల వెనక పెట్టించారు. ఈ పిల్లలకు కీళ్ళు వదులుగా ఉంటాయని, లాగితే ఇంకా వదులవుతాయని, లాగకూడదు, నొక్కాలని చెప్పారు. భుజాల మీద చేతులు వేసి మెల్లగా కిందికి నొక్కితే, ఆ బరువుకు ఎదురుగా పిల్ల ఒళ్ళు తనంతట తాను కొంచెం లేస్తుంది. ఎంత కొంచెం అంటే, చూడటానికి నాకు చాలా కాలం పట్టింది.

పద్మను మా దగ్గరికి తెచ్చింది పామర్రు అవతల ఒక ఊరి నుంచి. రెండేళ్ళు దగ్గర పడుతున్నా మెడ సరిగ్గా నిలవలేదు. తెల్లగా, బొద్దుగా, ఎప్పుడూ నవ్వు మొహంతో ఉండేది. తల్లి సీత, నాయనమ్మ వెంకాయమ్మ గారు తెల్లవారుజామున బస్సెక్కి వచ్చేవారు. సీత మాట్లాడేది తక్కువ. ఆవిడ కోటా కూడా వెంకాయమ్మ గారే మాట్లాడేవారు. ఊళ్ళో ఎవరెవరు ఏమన్నారో అన్నీ వచ్చి చెప్పేవారు. కూచిపూడికి కూతవేటు దూరంలో పుట్టి కాలు కదపదేమిటే నీ మనవరాలు అని ఎదురింటావిడ అన్నదట. "ఆ ఊరి పిల్లలు కడుపులోంచే గజ్జెలు కట్టుకుని వస్తారా, నీ మనవడు నడిచి ఏం ఉద్ధరిస్తున్నాడు, ఊళ్ళో దొడ్లన్నీ తిరగడం తప్ప అన్నానండీ" అని చెప్పి, మేము నవ్వుతుంటే తాను నవ్వకుండా కళ్ళు తుడుచుకునేవారు.

మొదటి రోజే దయామణి గారు ఆవిడను, పిల్లకు నీళ్ళెలా పోస్తారో చూపించమన్నారు. వెంకాయమ్మ గారు సిగ్గుపడి, తరవాత చిన్న పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ దాకా లాక్కుని, కాళ్ళు చాపి, పద్మను ఆ కాళ్ళ మీద పడుకోబెట్టుకున్నారు. నూనె పట్టించే తీరు, నలుగు రుద్దే తీరు చూపించి, చివర చేతులూ కాళ్ళూ పట్టుకుని ఈ చేయి ఆ కాలికి, ఆ చేయి ఈ కాలికి లాగి కలిపారు. మన ఇళ్ళల్లో అందరూ చేసేదే. దయామణి గారు ఆ లాగడం ఒక్కటీ మానేయమన్నారు. మిగతాదంతా ఉంచి, పిల్లను బోర్లా తిప్పించారు. కాళ్ళకు అడ్డంగా, రొమ్ము కింద ఒక కాలు, తొడల కింద ఒక కాలు. ఆ కాళ్ళనే కొంచెం పైకీ కిందికీ ఆడించమన్నారు. పద్మ తల కిందికి వేలాడింది, వేలాడింది, తరవాత నేల మీద పాకుతున్న చీమను చూడటానికో ఏమో, ఒక్క క్షణం పైకి లేచింది. మళ్ళీ పడిపోయింది. అదే వ్యాయామమని, రోజూ స్నానానికి ముందు చేయాలని దయామణి గారు చెప్పారు. వెంకాయమ్మ గారు నమ్మలేనట్టు చూశారు. ఇంతదూరం వచ్చి ఇంట్లో చేసుకునే పనేనా అని ఆవిడ మొహంలో ఉంది.

పిల్ల బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు అని మన వైపు ఇళ్ళల్లో ఒక్కో ముచ్చటకు ఒక్కో వంట ఉంటుంది. పద్మకు ఆ ముచ్చట్లేవీ జరగలేదని వెంకాయమ్మ గారి దిగులు. దయామణి గారు చాప మీద నుంచి లేవకుండానే, మెడ నిలిపితే ఏం వండుతారని అడిగారు. "దానికేమీ లేదండీ. అది అందరికీ వచ్చేదే కదా, ఎవరు చూస్తారు దాన్ని" అన్నారు ఆవిడ. దయామణి గారు, మరి మేము ఇక్కడ చూసేదంతా అదేనమ్మా, అన్నారు. ఆ తరవాత వచ్చినప్పుడు వెంకాయమ్మ గారు ఒక డబ్బా నిండా మినపసున్ని ఉండలు తెచ్చి బల్ల మీద పెట్టారు. దేనికని ఎవరూ అడగలేదు.

దయామణి గారిని దేవతగా చెప్పడం నాకిష్టం లేదు. ఆవిడే ఒప్పుకునేవారు కాదు. గవర్నరుపేటలో కుట్టు మిషను పెట్టుకున్న ఖాదర్ గారని ఒకాయన కొడుకును ఎత్తుకుని వచ్చేవారు. ఒక రోజు ఆయన, ఈ పిల్లాడు నా మిషను మీద కూర్చుంటాడా అమ్మా, అని అడిగారు. బయట చాలామంది కాచుకుని ఉన్నారు. ఆవిడ చేతిలో ఇంకో పిల్ల ఉంది. తలుపు దగ్గర నిలబడి, కూర్చోలేకపోవచ్చు, ఆశ పెట్టుకోవద్దు అని చెప్పేశారు. ఆయన కొడుకు చొక్కా గుండీలు పెట్టుకుని, సలాం చేసి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. ఆవిడ నన్ను రెండుసార్లు ఆయన దుకాణానికి పంపించారు. ఆయన మర్యాదగా టీ ఇప్పించారు గాని పిల్లవాణ్ణి పంపలేదు. రెండోసారి నేను వట్టి చేతులతో తిరిగొచ్చిన సాయంత్రం దయామణి గారు చాప దులుపుతూ, నాతో కాదు, ఎవరితోనో అన్నట్టు, "చెప్పింది నిజమే. నిలబడి చెప్పాను. ఆయన్ని కూర్చోబెట్టి, నేనూ కూర్చుని చెప్పాల్సింది" అన్నారు.

పద్మ మెడ నిలిపింది, ఊక కూరిన దిండ్ల మధ్యలో కూర్చోవడం నేర్చింది, తరవాత దిండ్లు లేకుండా కూర్చుంది. ఏడాదికి పైనే పట్టింది. ఆ శీతాకాలం నేనే ఆ పిల్లను కర్రల వరస దగ్గర నిలబెట్టేవాడిని. ఒక మధ్యాహ్నం, పద్మ రెండు చేతులతో కర్ర పట్టుకుని, నా చేయి తీసేసినా నిలబడి ఉండిపోయింది. మోకాళ్ళు వెనక్కి విల్లులా వంగి బిగుసుకుని ఉన్నాయి. దయామణి గారు దాని గురించి నాకు చాలాసార్లు చెప్పారు. మోకాలు అలా వెనక్కి తాళం పడితే పిల్ల ఎముకల మీద ఆనుకుని ఉన్నట్టే గాని కండతో నిలబడినట్టు కాదు, తాళం ఊడితే ఒక్కసారిగా కూలిపోతుంది అని. నాకు తెలుసు. వెంకాయమ్మ గారికి తెలియదు. ఆవిడ నోటికి చీర చెంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసి, బాబూ, కొత్త బియ్యం వచ్చాయి, అడుగులకు అరిసెలు వండుకోవచ్చా అని అడిగారు. దయామణి గారు ఆ రోజు గుంటూరు వెళ్ళారు. పొద్దుటి నుంచీ గది అంతా నేనొక్కడినే చూసుకున్నాను. నడుము విరిగిపోతోంది, ఇంకా భోజనం చేయలేదు. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి, మోకాలు చూపించాలి, ఆవిడ నమ్మదు, మళ్ళీ చెప్పాలి. "వండుకోండి, తప్పేముంది" అన్నాను. వెంకాయమ్మ గారు నాకు దండం పెట్టారు.

తరవాత వాళ్ళు రాలేదు. ఒక వారం రాకపోతే పొలం పనులు అనుకున్నాం. కొన్ని వారాలు గడిచాక పద్మ తండ్రి ఎరువుల కోసం బెజవాడ వచ్చినవాడు ఆసుపత్రి దాకా వచ్చి, ఇక తీసుకురాములెండి, చెప్పి పోదామని వచ్చాను అన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. దయామణి గారే అడిగి అడిగి జరిగినది చెప్పించుకున్నారు. వీధిలో వాళ్ళందరినీ పిలిచారు. కొత్త చాప మీద అరిసెలు పరిచి, రెండు పక్కలా ఇద్దరు పట్టుకుని పద్మను వాటి మీద నడిపించబోయారు. పిల్ల మొదట నిలబడింది. అందరూ సంబరంగా చప్పట్లు కొట్టారు. వాళ్ళు చేయి వదిలారు. పద్మ కూలిపోయింది, చీలమండ మడతపడి వాచింది. వాపు తగ్గింది గాని అప్పటి నుంచీ పాదం నేలకు ఆనితే చాలు, ఒకటే ఏడుపు. ఆయన వెళ్ళిపోయాక దయామణి గారు, అరిసెలు వండమని ఎవరు చెప్పారయ్యా, అని అడిగారు. వెంకాయమ్మ గారు అడిగితే సరేనన్నానండీ, అన్నాను. ఆదివారం పొద్దున బస్‌స్టాండుకు రమ్మన్నారు. ఆవిడ ఆదివారం చర్చి మానేయడం నేను చూసింది అదే మొదటిసారి.

బందరు రోడ్డు మీద వెళ్ళే బస్సెక్కాం. పామర్రులో దిగి రిక్షా ఎక్కి ఆ ఊరు చేరేసరికి పొద్దెక్కింది. కుప్ప నూర్పిళ్ళు అయిన రోజులు, ఇంటి ముందు వడ్ల రాశి పోసి ఉంది. వెంకాయమ్మ గారు మమ్మల్ని చూసి లోపలికి వెళ్ళిపోయారు. మంచినీళ్ళు కావాలా అని ఎవరూ అడగలేదు. ఆ ఊళ్ళో గుమ్మంలోకి వచ్చిన మనిషిని ఆ మాట అడగకపోవడం అంటే ఏమిటో మన వాళ్ళకు చెప్పనక్కరలేదు. దయామణి గారు అరుగు మీద కాకుండా వాకిట్లో నేల మీదే కూర్చున్నారు. నన్నూ కూర్చోమన్నారు. సీత గుమ్మంలో నిలబడి ఉంది, చంకలో పద్మ.

"తప్పు మాదమ్మా" అన్నారు దయామణి గారు. "పిల్ల నిలబడటానికి ఇంకా తయారు కాలేదు. ఆ సంగతి మాకు తెలుసు. తెలిసీ మీకు చెప్పలేదు."

మాది అన్నారు. నా వైపు చూడలేదు. నేను తల వంచుకున్నాను. నాది అని నేను అనాల్సింది. నోరు రాలేదు. ఇప్పటికీ ఆ వాకిలి తలుచుకుంటే నాకు అదే గుర్తొస్తుంది.

అప్పుడు సీత మాట్లాడింది. ఆ ఏడాదిన్నరలో ఆవిడ మాట్లాడగా నేను విన్నది అదే ఎక్కువ. "నడవదని చెప్పినా నేను తీసుకొచ్చేదాన్నేనండీ. నా పిల్ల కదా, ఎక్కడికి పోతుంది. నడుస్తుందని చెప్పి నలుగురిలో నిలబెట్టారు. ఇప్పుడు దాన్ని ఎవరైనా చూడటానికొస్తే నేనే లోపల పెట్టి తలుపేస్తున్నాను." గొంతు పెంచలేదు. ఏడవలేదు. అలిసిపోయిన మనిషి చెప్పినట్టు చెప్పింది. దయామణి గారు అవునమ్మా అని మాత్రం అని, చాలాసేపు ఊరుకున్నారు. అంతసేపు ఊరుకోవడం నాకు అప్పట్లో చేతనయ్యేది కాదు.

కొంతసేపటికి ఆవిడ పద్మను ఇవ్వమని చేతులు చాపారు. సీత ఆలోచించి ఇచ్చింది. దయామణి గారు వడ్ల రాశి దగ్గరికి వెళ్ళి, దాంట్లో చేత్తో గుంట చేసి, సంచీలోంచి పాత దుప్పటి ఒకటి తీసి పరిచి, నడుము దాకా వడ్లలో కూరుకుపోయేలా పద్మను కూర్చోబెట్టారు. నాలుగు పక్కలా వడ్లు ఎగదోశారు. పిల్ల పడిపోవడానికి ఎటూ దారి లేదు. కాసేపు బిక్కమొహం వేసుకుని చూసి, గుప్పెడు వడ్లు తీసి విసిరింది. మళ్ళీ విసిరింది. విసిరినప్పుడల్లా పాదాలు వడ్లలోకి తోసుకుంటున్నాయి. నేల తగలకుండా, భయపడకుండా, పాదాలు బరువు మోస్తున్నాయి. దయామణి గారు వేలితో నాకు ఆ పాదాల దగ్గర వడ్ల కదలిక చూపించారు. వెంకాయమ్మ గారు ఎప్పుడు వచ్చారో, వెనక నిలబడి ఉన్నారు. "ఆ నూగుకి రాత్రంతా ఒళ్ళు దురద పెడుతుంది దానికి, నీళ్ళు నేనే పోయాలి" అని కోపంగా అని, లోపలికి వెళ్ళి రెండు గ్లాసుల్లో మజ్జిగ తెచ్చి మా పక్కన పెట్టారు. నా చేతికి ఇవ్వలేదు. కింద పెట్టారు.

తిరుగు బస్సులో నేను తిట్ల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఆవిడ కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారనుకున్నాను. ఉయ్యూరు దాటాక, కళ్ళు తెరవకుండానే అన్నారు.

"అలిసిపోవడం తప్పు కాదయ్యా. నేనూ అలిసిపోతాను. కానీ అలిసిపోయినప్పుడు చెప్పే మంచి మాట వాళ్ళ కోసం చెప్పేది కాదు, మనం తొందరగా ఇంటికి పోవడానికి చెప్పేది. అప్పుడు ఏమీ చెప్పకు. రేపు చెబుతాను అను. రేపు మళ్ళీ వాళ్ళ దగ్గరికి వెళ్ళు."

తరవాత నిజంగానే నిద్రపోయారు. బెజవాడ చేరేదాకా లేవలేదు. ఎప్పుడైనా మళ్ళీ ఆ విషయం ఎత్తారా అంటే, లేదు. ఆ తరవాతి ఆదివారం నుంచి పద్మ ఇంటికి నన్నొక్కడినే పంపించారు. బస్సు దిగి, రిక్షాకు బదులు నడిచి వెళ్ళేవాడిని. అన్నీ మొదటి నుంచి మొదలుపెట్టాం. మళ్ళీ బోర్లా, మళ్ళీ ఊక దిండు, మోకాళ్ళు కొంచెం ముందుకు వంచి, వెనక్కి తాళం పడకుండా పట్టుకుని నిలబెట్టడం. చాలా ఆదివారాలు ఏ మార్పూ కనపడలేదు. కొన్ని ఆదివారాలు వెళ్ళబుద్ధి కాలేదు. వెళ్ళాను. పద్మ ఐదేళ్ళు దాటాక ఇంట్లో గోడ పట్టుకుని నడిచింది. తరవాత గోడ వదిలింది. పరిగెత్తడం మాత్రం ఎప్పటికీ రాలేదు, బడికి తండ్రి సైకిలు మీదే వెళ్ళేది. నడిచిన రోజున నేను అక్కడే ఉన్నాను. ఎవరూ ఎవరినీ పిలవలేదు, ఏమీ వండలేదు. సీత పొయ్యి దగ్గర నుంచి చూసి, మళ్ళీ పొయ్యి వైపు తిరిగి, చాలాసేపు అలాగే కూర్చుండిపోయింది.

దయామణి గారి దగ్గర నేను ఏడేళ్ళు పనిచేశాను. ఆ తరవాత సొంతంగా పనిచేసిన కాలమంతా నాకు మంచి పేరే ఉంది. ఎన్నిసార్లు రేపు చెబుతాను అన్నానో, ఎన్నిసార్లు ఆ ఓపిక లేక తోచిన మంచి మాట చెప్పి పంపించేశానో నేను లెక్కపెట్టుకోలేదు. సోమవారం పొద్దున చెప్పిన మాట అందులో ఒకటి. కాకపోతే ఈసారి పిల్లవాడు కింద అంతస్తులోనే ఉన్నాడు.

మధ్యాహ్నం మూడింటికి మెట్లు దిగి బెల్లు కొట్టాను. శిరీష తలుపు తీసింది, అత్తగారు సోఫాలో టీవీ చూస్తున్నారు. కూర్చుని మాట్లాడాలమ్మా, నువ్వూ కూర్చో అన్నాను. ఇద్దరూ కూర్చున్నాక చెప్పాను. పిల్లవాడి ఒంట్లో ఉండాల్సిన బిగువు లేదని, అది బద్ధకం కాదని, ఎందుకు లేదో డాక్టరు పరీక్షలు చేస్తేనే తెలుస్తుందని, ఆలస్యం చేయకూడదని. శిరీష నన్నే చూస్తోంది.

"పొద్దున బాగానే ఉన్నాడన్నారు కదా అంకుల్."

"అన్నానమ్మా. అప్పుడూ తెలుసు. చెప్పే ఓపిక లేక అలా అన్నాను."

అత్తగారు టీవీ ఆపేశారు. తెలిసినవాళ్ళు చేసే పనేనా అండీ ఇది, పొద్దుటి నుంచీ నేను చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పుకున్నాను అన్నారు. శిరీష, నడుస్తాడా అని అడిగింది. తెలియదన్నాను. ఎప్పటికి తెలుస్తుందంటే, అదీ తెలియదన్నాను. తెలిసినవి మాత్రం చెప్పాను: ఎలా ఎత్తుకోవాలో, ఎలా ఎత్తుకోకూడదో, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో. ఆ అమ్మాయి లేచి పిల్లవాణ్ణి తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళింది. నేను లేచి వచ్చేశాను. సాయంత్రం ఫోను చేసింది. రేపు పొద్దున వెళుతున్నాం అని మాత్రం చెప్పి పెట్టేసింది. రమ్మనలేదు.

మంగళవారం వాళ్ళ ఆటో వచ్చేసరికి నేను గేటు దగ్గర నిలబడి ఉన్నాను. ఎవరినీ అడక్కుండా డ్రైవరు పక్కన కూర్చున్నాను. పిల్లల డాక్టరమ్మ చిన్న వయసామె, ఓపికమంతురాలు. పిల్లవాణ్ణి అటూ ఇటూ తిప్పి చూసి, చీటీ రాస్తూ, ఇంతకుముందు ఎవరికైనా చూపించారా అని అడిగింది. శిరీష, లేదండీ, మీకే మొదట అంది. నన్ను కాపాడటానికే అందని నాకు అర్థమైంది.

"నేను చూశానమ్మా" అన్నాను. "నిన్న పొద్దున. ఈ పని ముప్పై ఏళ్ళకు పైగా చేసినవాణ్ణి. చూసి, ఏమీ లేదని చెప్పాను. తప్పు నాది."

డాక్టరమ్మ తలెత్తి నన్ను చూసి, రాయాల్సింది రాసింది. రక్తం పరీక్షకు బయట కూర్చోమన్నారు. వరండా అంతా జనం. శిరీష అత్తగారు బెంచీ మీద ఒక చివర కూర్చుని ఉన్నారు, నిన్నటి నుంచీ నాతో మాట్లాడలేదు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆవిడ కాసేపు చూసి, పక్కన పెట్టుకున్న సంచీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. వెళ్ళి అక్కడ కూర్చున్నాను. పరీక్షల ఫలితాలు ఇంకా రాలేదు. బుధవారం నుంచి రోజూ పొద్దున ఎనిమిదింటికి, పిల్లవాడికి వ్యాయామం చేయించడానికి, కింద అంతస్తుకు దిగుతున్నాను.